ఫోర్కు తెరిచే అధికారి

ఈ గొడవంతా దొరస్వామి గారు సైకిలెక్కి కూర్చోవడం వల్ల వచ్చింది.

రాష్ట్ర పర్వత సైకిల్ క్రీడా నియంత్రణ మండలికి దొరస్వామి గారు అధ్యక్షులు. ఆయనకు సైకిలు తొక్కడం రాదు. రావాల్సిన పని కూడా లేదు. అంతకుముందు కబడ్డీ సంఘానికి అధ్యక్షుడిగా ఉన్న ఆరేళ్ళలో ఆయన ఒక్కసారి కూడా కూత పెట్టలేదు. పోయినేడు పోటీల ప్రారంభంలో ఫొటో కోసమని ఎవరో అమ్మాయి పందెం సైకిలెక్కారు. నూటపది కిలోల మనిషి, మెడలో నాలుగు కిలోల గులాబీ దండ. ముందు ఫోర్కు మూడంగుళాలు కిందికి దిగింది. అలా దిగడానికే దాన్ని చేశారు. ఆ సంగతి అధ్యక్షుల వారికి ఎవరూ చెప్పలేదు. సైకిలు తనను పడేస్తోందనుకుని ఆయన హ్యాండిలు వదిలేసి మైకు స్టాండు పట్టుకున్నారు. మైకు స్టాండు పోయి షామియానా గుంజను పట్టుకుంది. గుంజ ఎవరినీ పట్టుకోలేదు. గుడ్డ కింద నుంచి ముఖ్య అతిథిని బయటికి లాగడానికి పది నిమిషాలు పట్టింది.

వెంటనే విచారణ సంఘం వేశారు. సంఘంలో సభ్యుడు ఒక్కడే, మండలి కార్యదర్శి వజ్రవేలు. ఏడు నెలలు విచారించి నూట నలభై పేజీలు రాశాడు.

కొండ సైకిలు ముందు ఫోర్కులో గాలో స్ప్రింగో ఉంటుంది. రాళ్ళ మీద దిగేటప్పుడు అది పైకీ కిందికీ ఊగి దెబ్బను మింగేస్తుంది. కానీ ఎక్కేటప్పుడు ఆ ఊగుడే శత్రువు. కాళ్ళలో బలం సగం ఫోర్కు ఊగడానికే ఖర్చయిపోతుంది. అందుకని హ్యాండిలు మీద చిన్న మీట పెడతారు. ఎక్కేటప్పుడు నొక్కితే ఫోర్కు బిగుసుకుంటుంది, కొండకొనలో మళ్ళీ నొక్కితే వదులవుతుంది. బొటనవేలు పని. రెప్పపాటు కూడా పట్టదు.

వజ్రవేలు నివేదిక సారాంశం ఇది: "ప్రమాద సమయమున సదరు ఫోర్కు తెరిచిన స్థితిలో ఉన్నది. దానిని ఎవరు తెరిచిరి? ఎవరి ఉత్తర్వుల మేరకు తెరిచిరి? అనుమతి పత్రమేదియు దాఖలు కాలేదు."

అక్కడి నుంచి పుట్టింది పద్నాలుగో నిబంధన. పోటీలో ఫోర్కులన్నీ మూసి, మీటల మీద లక్క సీలు వేయవలెను. సమర్థ అధికారి లిఖితపూర్వక అనుమతి లేనిదే ఏ ఫోర్కునూ తెరవరాదు.

ఈ నిబంధన రెడ్డెమ్మ చెవిన పడింది పోటీ రోజు పొద్దున్నే, తొమ్మిది మలుపుల కొండ కింద కొత్త షామియానాలో. ఈసారి గుంజలు సిమెంటు పోసి పాతారు.

రెడ్డెమ్మది మదనపల్లె. మస్తాన్ సైకిల్ షాపులో చక్రాల బెండు తీసే పని. రిమ్మును తిప్పి ఒక కన్ను మూసి చూసిందంటే ఏ చువ్వ వదులో, ఏ చువ్వ బిగువో చెప్పేస్తుంది. పోలీసు కానిస్టేబుల్ ఉద్యోగానికి క్రీడా కోటాలో దరఖాస్తు పెట్టుకోవాలంటే రాష్ట్ర పోటీలో మొదటి మూడు స్థానాల్లో ఏదో ఒకటి వచ్చినట్టు సర్టిఫికెట్ ఉండాలి. దరఖాస్తుకు ఆఖరు రోజు సోమవారం. ఇవాళ ఆదివారం. వచ్చే ఏటికి ఆమెకు వయసు దాటిపోతుంది. ఇంతే సంగతి. ఇవాళ మూడింట్లో ఒకటి రావాలి, లేకుంటే జీవితాంతం ఊళ్ళోవాళ్ళ చక్రాలకు బెండు తీస్తూ కూర్చోవాలి.

వజ్రవేలు మైకు ముందు నిలబడి పద్నాలుగో నిబంధనను రెండుసార్లు చదివాడు.

"కొండ శిఖరమున అవరోహణాధికారి గారు ఆసీనులై ఉంటారు. క్రీడాకారిణులు అవరోహణ నమూనా ఏడును మూడు ప్రతులలో నింపి, వారి సంతకము, ముద్ర పొందిన పిమ్మట ఫోర్కు తెరుచుకొని దిగవచ్చును."

"అవరోహణాధికారి అంటే ఎవరు సార్?" అని రెడ్డెమ్మ అడిగింది.

"దిగుటపై అధికారము గలవారు."

"దిగేది మేము గదా సార్. ఆయనకేం అధికారం?"

"దిగుట మీ బాధ్యత. దిగనిచ్చుట వారి అధికారము. రెండూ వేరు."

"బ్రేకు పట్టుకునేదానికి గూడా అనుమతి కావల్నా?"

వజ్రవేలుకు కోపం రాలేదు. మంచి ప్రశ్న వేసినట్టు తలాడించాడు. "దానిపై ఉపసంఘం వేసినాము. నివేదిక రావలసి ఉన్నది. అంతవరకు బ్రేకులు మీ మీ సొంత పూచీ మీద పట్టుకొనవచ్చును."

తర్వాత సీలు వేసే కార్యక్రమం. పద్నాలుగు మంది అమ్మాయిలు, పద్నాలుగు సైకిళ్ళు. వజ్రవేలు కొవ్వొత్తి వెలిగించి లక్క కరిగించి ఒక్కో మీట మీద పోసి ముద్ర గుద్దుతున్నాడు. తిరుపతి నుంచి వచ్చిన లిఖిత సైకిలు దగ్గర ఆగిపోయాడు. పోయినేడు మొదటి స్థానం ఆ అమ్మాయిదే. సైకిలు కొత్తది, ఖరీదైనది. మీట లేదు.

"ఇది బ్యాటరీది సార్. నేల ఎట్లుందో అదే చూసుకొని, అదే మూసుకుంటుంది, అదే తెరుచుకుంటుంది" అంది లిఖిత కొంచెం గర్వంగా.

"అదే?"

"అవును సార్. సెకనుకు వందసార్లు చూస్తుంది."

"ఎవరి అనుమతితో?"

సెకనుకు వందసార్లు అనుమతి లేకుండా నిర్ణయం తీసుకునే వస్తువును వజ్రవేలు తన ఉద్యోగ జీవితంలో చూడలేదు. అక్కడికక్కడే ఫోర్కు పేరిట మెమో రాయించాడు. 'స్వతంత్రముగా వ్యవహరించుచున్నందుకు మీపై చర్య ఎందుకు తీసుకొనరాదో మూడు దినములలో సంజాయిషీ ఇవ్వవలెను.' ఆ మెమోను ఫోర్కుకు దారంతో కట్టి, ఫోర్కు మూయించి, బ్యాటరీ పీకించి అమ్మాయి చేతిలో పెట్టి, ఆ గుంతలో లక్క పోశాడు. లిఖిత కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

ఆఖరున రెడ్డెమ్మ వంతు. ఆమె సైకిలుకు మీటా లేదు, బ్యాటరీ లేదు, అసలు ఊగే ఫోర్కే లేదు. మూడు వారాల కింద పాత ఫోర్కులోంచి నూనె కారిపోయి అది పాడైంది. దాని సామాను బెంగుళూరులో కూడా దొరకలేదు. మస్తాన్ పాల సైకిలు ఇనుప ఫోర్కు ఊడదీసి బిగించాడు. ఈ జన్మకు ఊగదది.

"లాకు ఏదీ?"

"లేదు సార్. ఇది ఎప్పుడూ బిగిసే ఉండాది. మూసే పనిలేదు, తెరిచే పనిలేదు."

"లాకు లేనిచో సీలు ఎక్కడ వేయవలెను?"

"వేయొద్దు సార్."

"సీలు లేని సైకిలు పోటీలో పాల్గొనరాదు. లాకు లేని సైకిలుకు సీలు వేయరాదు." వజ్రవేలు పెన్ను మూత పెట్టాడు. "తొలగించడమైనది."

"సార్! ఊగని ఫోర్కు ఊగకుండా సీలెందుకు సార్? ఇనప కడ్డీ అది. కావాలంటే మీరెక్కి చూడండి."

"ఫోర్కులపై మండలి అధికారులు ఎక్కరాదని పదిహేనో నిబంధన."

సోమవారం, పోలీసు బట్టలు, వయసు, అన్నీ ఒక్కసారిగా రెడ్డెమ్మ కళ్ళ ముందు తిరిగాయి. అప్పుడు మస్తాన్ ఆమె చెయ్యి పట్టి పక్కకు లాగాడు. యాభై ఏళ్ళ మనిషి, ముప్పై ఏళ్ళుగా ఆర్టీవో ఆఫీసు ఎదురుగా షాపు నడిపినవాడు.

"మే రెడ్డెమ్మా, ఆయనతో వాదం యాడ పెట్టుకుంటావు మే! ఆయనకు ఫోర్కు కావల్నా? కాదు. లక్క పోసేదానికి ఏదో ఒక మీట కావల్ల. అంతే గదా?"

"మీట యాడుండాదన్నా?"

మస్తాన్ తన డొక్కు సైకిలు దగ్గరికి పోయి దాని బెల్లు ఊడదీశాడు. రెడ్డెమ్మ హ్యాండిలుకు బిగించాడు. నిగనిగలాడే స్టీలు గిన్నె, పక్కన చిన్న మీట.

వజ్రవేలు కళ్ళజోడు సర్దుకుని దాన్ని అటూ ఇటూ చూశాడు. "ఇదియేనా?"

"ఇదే సార్. పాత మోడలు" అన్నాడు మస్తాన్.

"మూసి ఉన్నదా?"

"గట్టిగా మూసుండాది సార్. ఫోర్కు నొక్కి చూడండి, రవ్వంత గూడా కదల్దు."

వజ్రవేలు రెండు చేతులతో నొక్కాడు. కదల్లేదు. పొద్దుటి నుంచి చూసిన పద్నాలుగింట్లో ఇంత క్రమశిక్షణ గల ఫోర్కు మరొకటి లేదు. బెల్లు మీట మీద లక్క పోసి ముద్ర గుద్దాడు. రిజిస్టరులో సంతకం పెట్టాడు: 'ఫోర్కు బాగుగా మూసుకొని ఉన్నది.'

పది గంటలకన్న పోటీ అధ్యక్షుల వారు వచ్చాక పన్నెండుకు మొదలైంది. మూడింటికల్లా ముగియాలని నిబంధన. ఒక్క చుట్టే: తొమ్మిది మలుపులు ఎక్కాలి, అవతలి వైపు రాళ్ళ బాటలో దిగి మళ్ళీ షామియానాకు రావాలి.

ఎక్కడంలో ఎవరికీ ఇబ్బంది లేదు. నలభై నిమిషాలకు లిఖిత, ఆమె వెనకే రెడ్డెమ్మ కొండకొనకు చేరారు. అక్కడ ఒక బల్ల. బల్ల మీద రాయి బరువు పెట్టిన కాగితాల కట్ట. బల్ల వెనక కుర్చీ. కుర్చీ వీపుకు తెల్ల టవలు. టవలు ముందు ఎవరూ లేరు.

పక్కన బండ మీద అటెండరు గంగులప్ప బీడీ కాలుస్తున్నాడు.

"సార్ యాడ తాతా?"

"భోజనానికి కిందికి పొయినారమ్మా, జీపులో. మండలి భోజనం గదా, ముందు పోకపోతే బోటీ ఐపోతాది."

"మేం ఇప్పుడు ఎట్ల దిగాల?"

"రాసుకోండమ్మా, రాసుకోండి. కాగితాలు రాసేలోపల వొచ్చేస్తారు."

రాశారు. పేరు, తండ్రి లేక భర్త పేరు, ఫోర్కు పేరు, ఫోర్కు వయస్సు. 'తెరవగోరుటకు కారణము' అన్న చోట లిఖిత 'దిగుట కొరకు' అని రాసింది. గంగులప్ప చూసి పెదవి విరిచాడు. "అందరూ ఇదే రాస్తారమ్మా. వేరే ఏదన్నా గట్టి కారణం రాయి."

ఆఖరి గడిలో ఇది శిఖరమేననీ, ఇక్కడి నుంచి ముందుకు పోతే కిందికే పోతామనీ సర్వేయరు ధ్రువీకరించాలి. సర్వేయరు కూడా భోజనానికే పోయాడు.

ఒకరి వెనక ఒకరు వచ్చి వరుసలో నిలబడ్డారు. పద్నాలుగు మందీ అయ్యారు. పందెంలో అందరికంటే వెనకబడిన అమ్మాయి వచ్చి, "అయ్యో, మీరంతా నా కోసమే ఆగినారా?" అంది నిజంగా కదిలిపోయి.

రెడ్డెమ్మ నమూనా ఏడు వెనక వైపు తిప్పింది. చిన్న అక్షరాల్లో పద్నాలుగో నిబంధన అచ్చేసి ఉంది. ఒకసారి చదివింది. వేలు పెట్టి మళ్ళీ చదివింది.

"లిఖితా, ఇది చూడు. అనుమతి లేకుండా ఫోర్కు తెరవకూడదన్నారు. తెరవకుండా దిగకూడదని యాడన్నా ఉండాదా?"

లిఖిత చదివింది. "లేదక్కా. కానీ బిగిసిన ఫోర్కుతో ఈ రాళ్ళల్లో దిగితే చేతులు ఊడిపోతాయి. నేనెప్పుడూ అట్ల దిగలేదు."

"నేను మూడు వారాలుగా అట్లనే దిగతా ఉండా" అంది రెడ్డెమ్మ. ఆమె నమూనా ఏడును మడిచి జాకెట్టులో పెట్టుకుని బయల్దేరింది.

ఆ దిగడం గురించి గొప్పగా చెప్పడానికేమీ లేదు. ప్రతి రాయీ ఇనుప కడ్డీ గుండా మణికట్టుకు, మణికట్టు నుంచి పళ్ళకు చేరింది. రెండుసార్లు పడింది. మోకాలు చీరుకుపోయింది. ఒంటిగంటా పదిహేనుకు షామియానా ముందు గీత దాటినప్పుడు ఆమె వేళ్ళు హ్యాండిలును వదలడానికి ఒప్పుకోలేదు. మస్తాన్ ఒక్కొక్కటే విప్పాడు.

"ఫస్టు సార్! మా రెడ్డెమ్మ ఫస్టు!"

వజ్రవేలు ముందు సీలు చూశాడు. చెక్కుచెదరలేదు. తర్వాత పుస్తకం తీశాడు. "మొదటి స్థానమని వ్రాయుటకు వీలులేదు."

"ఏం సార్? నా ముందర ఎవరన్నా వొచ్చినారా?"

"వెనుక ఎవరును రాలేదు. ఇరవై రెండో నిబంధన: కనీసము ముగ్గురు గమ్యము చేరినగాని స్థానములు నిర్ణయింపబడవు. మూడు గంటలలోగా చేరనిచో పోటీ రద్దు."

"వాళ్ళు యాడ వొస్తారు సార్? పైన సీలు తెరిచే సారు లేడు. ఆ సారు కిందుండాడు!"

"అది శిఖర విభాగమునకు సంబంధించిన విషయము. నాది గమ్య విభాగము."

అవరోహణాధికారి ఏకాంబరం భోజనాల బల్ల దగ్గర ఉన్నాడు. బోటీ అయి పెరుగన్నంలోకి వచ్చాడు. రెడ్డెమ్మ కుంటుతూ పోయి ఆయన ఎదురుగా నిలబడింది. నెత్తురు కారుతున్న మోకాలు చూసి ఆయన ఆకు కాస్త వెనక్కి జరుపుకున్నాడు.

"సార్, పైన పదముగ్గురు నిలబడుండారు. జీపులో ఒక్కసారి పొయ్యి రండి సార్, మీకు దండం పెడతా."

"డ్రైవరు తింటా ఉండాడమ్మా. ఆయన తిన్నాక సర్వేయరు, ఆయన తిన్నాక అందరం కలిసి. మనుషులం గదమ్మా మేమూ."

తిడదామని రెడ్డెమ్మ నోరు తెరిచింది. ఆయన పక్కన కుర్చీలో సంచీ, సంచీలోంచి తొంగిచూస్తున్న ముద్ర కనబడ్డాయి. తిట్టు మింగేసింది. మస్తాన్ పొద్దున చేసింది గుర్తొచ్చింది. వీళ్ళతో వాదిస్తే పనికాదు. వీళ్ళకు ఏది కావాలో అది ఇవ్వాలి.

"సార్, మీకు ఎండలో ఆ కొండ మీద కూర్చునేది కష్టం గదా?"

"కష్టమా? నరకమమ్మా. నాకు ఈ పని వద్దని మూడు లెటర్లు పెట్టినా. ఛార్జి తీసుకునేవాడు ఒక్కడూ లేడు."

"నేను తీసుకుంటా సార్."

ఏకాంబరం చెయ్యి పెరుగన్నంలోనే ఆగిపోయింది. ముప్పై ఒక్క ఏళ్ళ సర్వీసులో ఆయనకు ఈ మాట ఎవరూ చెప్పలేదు. "నిజంగానా?"

"పూర్తి అదనపు బాధ్యతలు. రాసియ్యండి."

"నువ్వు పోటీలో ఉండావు గదమ్మా?"

"నా పోటీ అయిపాయ. గీత దాటేసినా."

ఏకాంబరం ఎడం చేత్తోనే రాశాడు, ఆమె మనసు మార్చుకుంటుందేమోనన్న భయంతో. ఛార్జి అప్పగించడమైనది, ఛార్జి తీసుకొనడమైనది, రెండు సంతకాలు. ముద్ర, స్టాంపు ప్యాడు, సంచీతో సహా ఇచ్చేశాడు. సర్వేయరు చెయ్యి కూడా ఖాళీగా లేదు కాబట్టి, ఆయన నోటితోనే "శిఖరమే, శిఖరమే, పో" అని ధ్రువీకరించాడు.

ఒకటిన్నర. సంచీ వీపుకు తగిలించుకుని రెడ్డెమ్మ మళ్ళీ తొమ్మిది మలుపులు ఎక్కింది. ఏడో మలుపులో తొడలు పట్టేశాయి. దిగి సైకిలు తోసింది, మళ్ళీ ఎక్కింది. పైకి చేరేసరికి రెండూ ఇరవై. అమ్మాయిలు వరుస తప్పకుండా కూర్చుని ఉన్నారు.

గంగులప్ప ఛార్జి కాగితం చదివి బీడీ పారేసి లేచి నిలబడ్డాడు. కుర్చీలో టవలు దులిపాడు. "కూర్చోండి మేడం."

"కూర్చునేదానికి టైము లేదు తాతా."

నిలబడే పదమూడు కాగితాల మీద ముద్ర గుద్దింది. కారణాలు చదవలేదు. గట్టి కారణం రాయమంటే ఒకమ్మాయి 'ఆకలి' అని రాసింది, అదీ చదవలేదు. స్పానరు తీసి లక్క పగలగొడుతూ పోయింది. లిఖిత బ్యాటరీ తిరిగి బిగించుకుంటూ ఉంటే, ఫోర్కుకు కట్టిన మెమోను పీకి సంచీలో వేసింది.

"పొండి మే! ఇంకా ఏం చూస్తా ఉండారు? దిగండి!"

మూడింటికి ఏడు నిమిషాలుండగా లిఖిత గీత దాటింది. తర్వాత ఒకరు, తర్వాత ముగ్గురు ఒకేసారి, మూడయ్యేలోపల పదమూడు మందీ. సంచీ గంగులప్పకు అప్పజెప్పి రెడ్డెమ్మ కూడా వాళ్ళ వెనకే దిగింది.

వజ్రవేలు సర్టిఫికెట్టు మీద 'ప్రథమ స్థానము' అని రాసి, సంతకం పెట్టకుండా ఆగాడు. "ప్రథమ స్థానము పొందిన ఫోర్కును అధ్యక్షుల వారు లాంఛనముగా తెరిచిన పిమ్మట మాత్రమే..."

రెడ్డెమ్మ మస్తాన్‌ను చూసింది. మస్తాన్ ఆకాశాన్ని చూశాడు.

దొరస్వామి గారు వచ్చారు. సైకిలుకు మూడడుగుల దూరంలో నిలబడి, చెయ్యి చాపి, లక్క గీరి, కెమెరాల వైపు నవ్వుతూ మీట నొక్కారు.

ట్రింగ్ ట్రింగ్.

షామియానాలో అందరూ అటు తిరిగారు. పెరుగన్నం దగ్గర ఏకాంబరం కూడా తలెత్తాడు. వజ్రవేలు బెల్లును చూశాడు, ఇనుప కడ్డీని చూశాడు, రిజిస్టరులో పొద్దుటి తన సంతకాన్ని చూశాడు. అది బెల్లు అంటే, బెల్లుకు సీలు వేసినవాడు ఎవడన్న ప్రశ్న వస్తుంది. ప్రశ్న వస్తే విచారణ సంఘం వస్తుంది. విచారణ సంఘంలో సభ్యుడు తనే.

పెన్ను తీసి రాశాడు. 'ఫోర్కు తెరుచుకున్నది. శబ్దము సంతృప్తికరము.' సర్టిఫికెట్టు మీద సంతకం గీశాడు.

దొరస్వామి గారు మాత్రం ముఖం చిట్లించారు. "మిగతావాటికి ఈ శబ్దం రాలేదేమయ్యా?"

ఆ తర్వాత రెండో ఏడు అదే కొండ మీద అవే పోటీలు. బందోబస్తుకు వచ్చిన పోలీసుల్లో రెడ్డెమ్మకు కొండకొన డ్యూటీ పడింది. ఖాకీ బట్టలకు ఇంకా గంజి వాసన పోలేదు. బల్ల అక్కడే ఉంది, కుర్చీ అక్కడే ఉంది, టవలు కొత్తది. కుర్చీలో ఎవరూ లేరు. పన్నెండు మంది అమ్మాయిలు కాగితాలు పట్టుకుని వరుసలో ఉన్నారు. ప్రతి సైకిలుకూ నిగనిగలాడే బెల్లు. తెరిచినప్పుడు శబ్దం చేయని ఫోర్కులు పోటీకి అనర్హమని సర్క్యులరు వచ్చి ఏడాది దాటింది. మస్తాన్ షాపులో బెల్లులు దొరకడం లేదు.

"సారు భోజనానికి పొయినాడా తాతా?"

గంగులప్ప లేచి నిలబడ్డాడు. "యా సారు మేడం? సారెవరూ లేరు. మీరు ఛార్జి తీసుకున్నట్టు కాగితం ఉండాది, తిరిగి ఇచ్చినట్టు లేదు. కొత్తవాళ్ళను ఎట్ల వేస్తారు? రెండేండ్లుగా అవరోహణాధికారి మీరే." బల్ల సొరుగులోంచి సంచీ తీసి ఆమె ముందు పెట్టాడు. స్టాంపు ప్యాడు ఎండిపోయి బీటలు వారింది.

వరుసలో మొదటి అమ్మాయి నమూనా ఏడు చాపింది. "మేడం, కారణం ఏం రాయాల?"

రెడ్డెమ్మ కాగితం తీసుకుని నాలుగు మడతలు పెట్టి, ఊగుతున్న బల్ల కాలి కింద దోపింది.

"ఏమీ రాయొద్దు. బెల్లు కొట్టుకుంటా పొండి."